ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్: మూడున్నరేళ్లు వాడాక

2022 జులైలో మా నాన్న గొంతున్న క్యాసెట్టు ఒకటి తెగిపోయింది. ఇదంతా రాయడానికి కారణం అదే. ప్రాసెసర్ల గురించీ, గ్రాఫిక్స్ కార్డుల గురించీ రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. కరెంటు పోయినప్పుడు కంప్యూటర్‌ని బ్యాటరీ మీద నడిపే యూపీఎస్ దగ్గరకొచ్చేసరికి ధరెంత, బ్యాకప్ ఎంతసేపు అని రెండు ప్రశ్నలు అడిగి తెచ్చేసుకుంటాం. నేనూ అలాగే తెచ్చుకుని తొమ్మిదేళ్లు వాడాను. ఆ తొమ్మిదేళ్లూ ఏ ఇబ్బందీ రాలేదు కాబట్టే, ఇబ్బంది వచ్చినప్పుడు యూపీఎస్‌ని అనుమానించాలని తోచలేదు.

మాది రాజోలు దగ్గర పల్లె. ఇంటికి ఒక పక్క కొబ్బరితోట, రెండో పక్క ఒకప్పుడు వరిచేలు, ఇప్పుడు రొయ్యల చెరువులు. రాత్రి పది దాటాక, చెరువు నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు ఒక్కొక్కటీ తిరగడం మొదలైతే మా ఇంట్లో ట్యూబ్‌లైటు మసకబారుతుంది. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కాబట్టి ఆ వేళ ఎవరూ ఒక్క ఏరియేటరు కూడా ఆపరు, ఆపమని అడగలేం కూడా. గాలి వీస్తే కొబ్బరిమట్ట తీగల మీద పడుతుంది. గంటల తరబడి కరెంటు పోవడం ఈ మధ్య తగ్గింది గానీ, రెప్పపాటు పోయి రావడం మాత్రం రోజుకి మూడు నాలుగుసార్లు ఉంటుంది. సిస్టమ్‌కి అదే ఎక్కువ ప్రమాదం.

మొదటి సిస్టమ్ 2013లో అసెంబుల్ చేయించాను. ఐ5-3470 ప్రాసెసరు, హెచ్61 బోర్డు, 4 జీబీ ర్యామ్. మధ్యలో ర్యామ్ పెంచాను, హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెట్టాను. ఎస్ఎస్‌డీ పెట్టిన రోజు ఎంత సంతోషపడ్డానో ఇక్కడ చెప్పక్కర్లేదు, పెట్టుకున్న ప్రతివాళ్లకీ తెలుసు. 2022 సంక్రాంతి తర్వాత బోర్డూ ప్రాసెసరూ కలిపి మార్చేశాను. రైజెన్ 5 5600జీ, 16 జీబీ ర్యామ్. పాత ఎస్ఎంపీఎస్, అంటే గోడ కరెంటుని కంప్యూటర్ భాగాలకి పనికొచ్చేలా మార్చి ఇచ్చే పెట్టె, పేరులేని సరుకు, దాన్ని కొత్త బోర్డుకి తగిలించడానికి మనసొప్పలేదు. అందుకని 550 వాట్లది, కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్నది, కరెంటుని సాఫీగా తీసుకునే సర్క్యూటు, అంటే యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్నది తెచ్చాను. సిస్టమ్ మొత్తంలో నేను గర్వపడిన భాగం అదే. 600 వీఏ సామర్థ్యమున్న పాత యూపీఎస్‌ని మాత్రం అలాగే ఉంచాను.

కొత్త సిస్టమ్ కొన్న అసలు పని నాన్న క్యాసెట్లు. ఆయన మా ఊరి చుట్టుపక్కల పాతికేళ్లు పౌరాణిక నాటకాలు ఆడారు. తీర్థాల్లో రాత్రంతా పద్యాలు పాడేవారు. ఎవరెవరో రికార్డు చేసి ఇచ్చిన తొంభై నిమిషాల క్యాసెట్లు ఇరవై రెండు మా అమ్మ ట్రంకుపెట్టెలో ఉండిపోయాయి. ముప్పై ఏళ్ల ఉప్పుగాలికి, తేమకి టేపు బూజుపట్టి పెళుసుబారింది. ఒక్కోటి ఒక్కసారి తిరిగితే చాలని దణ్ణం పెట్టుకుని తిప్పాల్సిన పరిస్థితి. టేప్‌రికార్డరు నుంచి సిస్టమ్‌కి వైరు కలిపి, ఒక వైపుకి నలభై ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోవడమే పని.

ఆ జులైలో గోదావరికి పెద్ద వరద. లంకలన్నీ మునిగాయి, ఏటిగట్ల మీద జనం రాత్రులు కాపలా కాశారు. మా వైపు నీళ్లు రాలేదు గానీ కరెంటు రోజంతా పోతూ వస్తూ ఉంది. నేను రికార్డింగు ఆపాల్సింది. యూపీఎస్ ఉంది కదా, బ్యాటరీ కూడా కొత్తదే కదా అని కూర్చున్నాను. ముప్పై ఎనిమిదో నిమిషంలో కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంది. సిస్టమ్ ఆగిపోయింది. తిరిగి ఆన్ చేస్తే రికవర్ అయిన ఫైలులో చివరి ఇరవై నిమిషాలు లేవు. మర్నాడు అదే క్యాసెట్టు రెండోసారి తిప్పుతుంటే టేపు రోలరుకి చుట్టుకుని తెగింది. అతికించాను. అతికించిన చోట, దాని పక్కన నలిగిన చోట, నాన్న రాగం తీస్తున్న చోట, ఇప్పుడు గరగర తప్ప ఏమీ లేదు.

కరెంటు పోగానే సిస్టమ్ ఆగిపోవడం అదే మొదటిసారి కాదు. కొత్త సిస్టమ్ వచ్చిన వారానికే మొదలైంది. షాపుకి ఫోన్ చేస్తే బ్యాటరీ పోయిందన్నారు, మార్చాను. తర్వాత ర్యామ్ అన్నారు. రబ్బరుతో తుడిచి పెట్టాను, స్లాటు మార్చాను. చివరికి బోర్డు తేడాగా ఉందన్నారు. సిస్టమ్ విప్పి బస్సులో ఒళ్లో పెట్టుకుని పట్నం తీసుకెళ్లాను. రెండు రోజులు ఆన్‌లో ఉంచి చూసి, "ఏ ప్రాబ్లమూ లేదండి" అని తిరిగిచ్చారు. వాళ్ల షాపులో ఆ రెండు రోజులూ కరెంటు పోలేదు మరి. లోడ్ ఎక్కువైందేమో అనుకుందామంటే, ఆ సిస్టమూ మానిటరూ కలిపి ఎంత పని చేయించినా నూట ముప్పై వాట్లు దాటదు.

గుట్టు విప్పింది చెరువుల దగ్గర ఏరియేటరు మోటార్లు బాగుచేసే ఎలక్ట్రీషియన్. వరద రోజుల్లోనే ఒక రాత్రి ఉక్కపోత భరించలేక టేబుల్ ఫ్యాన్ తీసుకెళ్లి యూపీఎస్‌కి పెట్టాను. ఫ్యాను తిరిగింది గానీ గుయ్‌మని ఒకటే మూలుగు. మర్నాడు మా మెయిన్ బోర్డు చూడ్డానికి అతను వచ్చినప్పుడు ఆ సంగతి చెప్పాను.

"ఆయ్, మోటారు మూలిగిందంటే దానికొచ్చే కరెంటు సాపుగా లేదన్నమాటండి మేష్టారూ. ఆ యూపీఎస్ మెట్ల కరెంటు ఇస్తున్నట్టుంది. మీ కంప్యూటర్లో కొత్తగా ఏం వేశారు?" అని అడిగాడు.

ఎస్ఎంపీఎస్ అని చెప్పాను. ఆ సాయంత్రం కూర్చుని దాని సంగతి చదివాను. మనింటికి వచ్చే 230 వోల్టుల కరెంటు సెకనుకి 50 సార్లు నున్నటి అలలా లేచి పడుతుంది. తక్కువ ధర యూపీఎస్ బ్యాటరీ మీదకి వెళ్లాక ఆ అలని ఇవ్వదు. పైకి ఒక మెట్టు, కాసేపు సున్నా, కిందికి ఒక మెట్టు, మళ్లీ సున్నా. పాతకాలం ఎస్ఎంపీఎస్‌కి దీంతో పేచీ లేదు. మెట్టు వచ్చినప్పుడు లోపలి కెపాసిటర్‌ని నింపుకుంటుంది, సున్నా వచ్చినప్పుడు దాంతో గడుపుతుంది. యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్నది అలా కాదు, వోల్టేజి అల ఎలా నడుస్తుంటే అలా కరెంటు తీసుకోవాలని చూస్తుంది. సున్నా దగ్గర వెంబడించడానికి దానికి అల దొరకదు. మెట్టు రాగానే ఒక్కసారి గట్టిగా గుంజుతుంది. ఆ గుంజుడుకి యూపీఎస్ ఓవర్‌లోడ్ అనుకుని కట్ అవుతుంది, లేదంటే ఎస్ఎంపీఎస్ తనంతట తనే ఆగిపోతుంది. అంటే నా సిస్టమ్‌లో పాడైన భాగం ఒక్కటీ లేదు. తొమ్మిదేళ్లు కలిసి పనిచేసిన జతలో ఒకదాన్ని మంచిదానితో మార్చడం వల్ల రెండోది పనికిరాకుండా పోయింది. ఈ ఒక్క ముక్క షాపులో ఎవరైనా చెప్పి ఉంటే నా క్యాసెట్టు ఉండేది. ఈ బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు.

ఆగస్టులో 1000 వీఏ ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్, అంటే బ్యాటరీ మీద కూడా ఆ నున్నటి అలనే ఇచ్చేది, తెచ్చాను. పాత దానికి నాలుగింతలు ధర. లోపల 12 వోల్టుల 9 ఏహెచ్ బ్యాటరీలు రెండు. తెచ్చిన రోజు రికార్డింగు పెట్టి, గోడ దగ్గర స్విచ్చి నేనే ఇరవైసార్లు ఆపి వేశాను. ఇరవైసార్లూ తెర మీద గీత కదులుతూనే ఉంది. టేబుల్ ఫ్యాన్ మూలగలేదు. ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా కరెంటు పోయినందువల్ల ఈ సిస్టమ్ ఒక్కసారి కూడా ఆగలేదు. పన్నెండు క్యాసెట్లు మధ్యలో తెగకుండా, ఆగకుండా ఎక్కించాను. నాకు ఇంతకు మించిన అప్‌గ్రేడ్ లేదు.

ఆ సంతోషంలో స్కూల్లో అందరికీ ఇదే కొనమని చెప్పాను. నా మాట మీద ఇద్దరు కొన్నారు. ఒకాయనది ల్యాప్‌టాప్, దానికి బ్యాటరీ ఉండనే ఉంది, ఆయనకి ఇది దండగ. రెండో ఆయన సిస్టమ్‌లో కూడా యాక్టివ్ పీఎఫ్‌సీ ఎస్ఎంపీఎస్సే, కానీ అది మెట్ల కరెంటు మీద కూడా నిక్షేపంగా నడుస్తోందని తర్వాత తేలింది. అన్ని ఎస్ఎంపీఎస్‌లూ నాదానిలా మొరాయించవు. అందుకే ఇప్పుడు ఎవరైనా అడిగితే, ముందు పాత యూపీఎస్ మీద సిస్టమ్ పెట్టి, గోడ స్విచ్చి పదిసార్లు ఆపి చూసుకోమంటున్నాను.

బ్యాటరీల విషయం కూడా చెప్పాలి. మొదటి జత రెండేళ్ల మూడు నెలలకే పోయింది. ఈ రకం బ్యాటరీలకి చెప్పే ఆయుష్షు 25 డిగ్రీల దగ్గర లెక్క. వేడి అక్కణ్ణుంచి పదేసి డిగ్రీలు పెరిగేకొద్దీ ఆయుష్షు సగానికి సగం పడిపోతుంది. రేకుల వరండా పక్క గదిలో మే నెల ఎలా ఉంటుందో వేరే చెప్పాలా. టెర్మినళ్ల మీద పచ్చటి పాచి కూడా పట్టింది. ఇప్పుడు యూపీఎస్‌ని కిటికీకి దూరంగా జరిపి, మూణ్ణెల్లకోసారి తుడిచి కొంచెం పెట్రోలియం జెల్లీ రాస్తున్నాను. రెండో జత ఎలా ఉంటుందో చూడాలి.

ఇక తుపాను. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది. మాకు సాయంత్రానికే కరెంటు పోయింది. యూపీఎస్ నలభై నిమిషాలు ఇచ్చింది, ఫైళ్లన్నీ రెండో డిస్కులోకి కాపీ చేసి ఆపేశాను. తర్వాత రెండు రోజులూ అది ఒక మూల బరువు, అంతే. ఇంటి ఇన్వర్టరు తెల్లారేసరికి ఖాళీ అయింది, సెల్ టవర్ మధ్యాహ్నానికి ఆగింది. అలాంటి రోజుల కోసం ఎవరూ దీన్ని కొనక్కర్లేదు. కానీ మూడో రోజు కరెంటు వచ్చినప్పుడు వీధిలో ఎక్కడో న్యూట్రల్ తీగ కలవలేదు, దాంతో ఇళ్లకి వోల్టేజి అదుపు తప్పి వచ్చింది. పక్కింటివాళ్ల టీవీ పోయింది, ఫ్రిజ్ బోర్డు పోయింది. మా యూపీఎస్ ఆ కరెంటుని లోపలికి రానివ్వకుండా బ్యాటరీ మీదే ఉండి కీచుమంటుంటే, అనుమానమొచ్చి మెయిన్ ఆపేశాను. ఆ ఒక్క నిమిషంలో దాని ఖరీదు దానికి వచ్చేసినట్టే.

సిస్టమ్‌లో ఇంక ఏం మారుస్తావని మా బావ అడుగుతుంటాడు. నాకు ఈ మధ్య ప్రాసెసరు మీద ఆశ పోయింది. పాత ఐ5 టర్బోలో, అంటే గరిష్ఠ వేగంలో, 3.6 గిగాహెర్ట్జ్, ఇప్పటిది 4.4. తొమ్మిదేళ్లకి పెరిగింది అంతే. 2004లోనే పెంటియం 4 3.8 దాకా వచ్చింది. వేడి దగ్గర అందరూ ఆగిపోయారు, అప్పటినుంచి కోర్లు పెంచుకుంటూ, తక్కువ కరెంటుతో ఎక్కువ పని చేయించుకుంటూ వస్తున్నారు. అందుకే నా పెట్టె ఇంకో పదేళ్లు సరిపోతుందని నమ్ముతున్నాను. పాత ఐ5 కూడా బతికే ఉంది. విండోస్ 11 దాన్ని ఒప్పుకోదు, అందుకని లైనక్స్ వేసి ఎదురింటి అబ్బాయికిచ్చాను. పాలిటెక్నిక్ చదువుకి చక్కగా సరిపోతోంది.

నాకు టెన్షన్ వేరే చోట ఉంది. విండోస్ 10 సపోర్టు 2025 అక్టోబరు 14న ముగిసింది. సరిగ్గా అదే రోజు విశాఖలో 1500 కోట్ల డాలర్లతో గూగుల్ డేటా సెంటర్ ప్రకటన వచ్చింది, గిగావాట్ స్థాయిది. లెక్క వేసి చూశాను. నా సిస్టమ్ వంద వాట్లనుకుంటే, ఒక గిగావాట్, అంటే వంద కోట్ల వాట్లు, అలాంటివి కోటి. మన పక్క జిల్లాల్లోకి ఇంత పని రావడం నాకు నిజంగా సంతోషం, మా స్కూలు పిల్లల్లో కొందరైనా అక్కడ ఉద్యోగం చేస్తారు. కానీ అదే కారణంగా ప్రపంచమంతటా మెమరీ చిప్పులు డేటా సెంటర్లకే పోతున్నాయి. ఇళ్లకి ర్యామ్ అమ్మే పేరున్న బ్రాండు ఒకదాన్ని ఆపేస్తున్నట్టు దాని కంపెనీ ఆ డిసెంబరులోనే ప్రకటించింది. రెండో ర్యామ్ స్టిక్ కొందామని వెళ్తే నేను 2022లో ఇచ్చినదానికి దాదాపు రెట్టింపు చెప్పారు. కొనకుండా వచ్చేశాను. ఇంట్లో సొంతంగా విప్పి, మార్చి, బాగుచేసుకునే పెట్టె ఖరీదైన సరదాగా మారిపోయి, అందరం ఎక్కడో ఉన్న యంత్రానికి నెలనెలా అద్దె కట్టే రోజు వస్తుందని భయంగా ఉంది. తుపానుకి టవర్ పోయాక ఆ అద్దె యంత్రం నాకు అందదు. నాన్న పద్యాలు నా డిస్కులో ఉన్నాయి కాబట్టి రెండో రోజు సాయంత్రం, ఫోన్లోకి ముందే ఎక్కించుకున్న కాపీ పెట్టుకుని అమ్మా నేనూ చీకట్లో విన్నాం.

కాబట్టి కొనమని గట్టిగా చెప్పలేను, వద్దనీ చెప్పలేను. మీ ఊరికి వచ్చే కరెంటు లైను నిలకడగా ఉంటే, మీ పని మధ్యలో ఆగినా మళ్లీ చేసుకోగలిగిందైతే, ఈ డబ్బుతో పెద్ద ఎస్ఎస్‌డీ కొనుక్కోండి. నాలాగా మళ్లీ తిప్పలేని టేపు పెట్టుకుని కూర్చునేవాళ్లయితే దీన్ని ముందు కొని, ప్రాసెసరు తర్వాత చూడండి. నాకు ఇంకా ఆరు క్యాసెట్లు ఉన్నాయి. బూజు బాగా పట్టినవి చివరికి మిగిల్చాను. వానలు మొదలయ్యేలోపు, ఏరియేటర్లు తక్కువ తిరిగే పగటిపూట, ఆదివారానికొకటి ఎక్కిస్తున్నాను.