పిల్లల సీరియల్‌కు ఆర్కెస్ట్రా సంగీతం: ఉన్న రికార్డింగా, కొత్తగా వాయించడమా?

డిస్నీ పిల్లల కార్టూన్ సీరియల్ ‘లిటిల్ ఐన్‌స్టైన్స్’లా పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం చుట్టూ ఎపిసోడ్ అల్లాలంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

ఖర్చు: ఉన్నదానికి లైసెన్సు రుసుము. కొత్తదానికి వాద్యకారులు, కండక్టర్ (వాద్యబృందాన్ని నడిపించే వ్యక్తి), స్టూడియో, స్వరపత్రాలు. చాలా ఎక్కువ.

హక్కులు: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. నార్వే స్వరకర్త గ్రీగ్ 1907లో మరణించాడు కాబట్టి అతని స్వరరచన ఎవరైనా వాడుకోవచ్చు. 1990లో విడుదలైన దాని రికార్డింగ్ అలా కాదు, మన చట్టంలో దానికి 60 ఏళ్ల రక్షణ ఉంది. కొత్తగా వాయిస్తే ఆ బెడద పోతుంది గానీ రచన హక్కు చూడాల్సిందే. రష్యన్ స్వరకర్త ప్రొకోఫియెవ్ పిల్లల కోసం రాసిన ఆర్కెస్ట్రా కథ ‘పీటర్ అండ్ ద వుల్ఫ్’ (1936) మన దేశంలో స్వేచ్ఛగా వాడొచ్చు. అమెరికాలో ఇంకా హక్కులున్నాయి. ఓటీటీలో అక్కడా వస్తే అనుమతి తప్పదు.

పొందిక: పాత రికార్డింగ్‌లో లయ కండక్టర్ చేతిలో సాగుతూ తగ్గుతూ ఉంటుంది, బొమ్మల అడుగులు దానికే కుదర్చాలి. కొత్తదైతే క్లిక్ ట్రాక్ (వాద్యకారుల చెవిలో లయను టిక్ టిక్‌మని వినిపించే ధ్వని) పెట్టి, తీగ, గాలి, ఇత్తడి వాద్యాలను విడివిడిగా రికార్డు చేయవచ్చు. అందరూ ఒకేసారి వాయిస్తే ఒకరి మైకులోకి మరొకరి ధ్వని చేరి, తర్వాత ఫ్లూట్‌ను వేరుచేయడం కష్టం.

నేపథ్యంలో అరనిమిషం వినిపించే ముక్కలకు ఉన్న రికార్డింగే మేలు. పిల్లలు వాద్యాన్ని గుర్తుపట్టాలి, లయకు చప్పట్లు కొట్టాలి అనుకుంటే, తక్కువ వాద్యాలతోనైనా సరే, కొత్తగా వాయించండి.