ఎడ్లకు బస, కార్లకు చోటు: మామిడి తోటా, వరి మడా, బడి మైదానమా?

సంక్రాంతికి ఎడ్ల బండలాగుడు పోటీలు పెట్టే కమిటీలు బరి గురించి, బండ బరువు గురించి, బహుమతుల గురించి నెల ముందే కూర్చుని మాట్లాడుకుంటాయి. వచ్చిన ఎడ్లు రాత్రిళ్లు ఎక్కడ ఉండాలి, చూడవచ్చినవాళ్లు బండ్లు ఎక్కడ పెట్టుకోవాలి అన్నది మాత్రం భోగి ముందురోజు గుర్తుకొస్తుంది. గుంటూరు జిల్లాలోని మా ఊళ్లో వరుసగా మూడేళ్లు ఆ పని నా నెత్తిన పడింది. మూడేళ్లూ మూడు చోట్లు చూశాం.

మొదటి ఏడు ఊరి చివర మామిడి తోట. చెట్టుకో జత కట్టేయవచ్చు, మంచు నేరుగా మీద పడదు. చూడగానే ఎవరైనా ఇదే మేలంటారు. కానీ జనవరిలో మామిడి పూత మీద ఉంటుంది, తేనెమంచు పురుగుకు మందు కొట్టే రోజులవి. లక్షలు పోసి కొన్న ఒంగోలు గిత్తను మందు పడిన గడ్డి మీద కట్టేయడానికి ఏ రైతు ఒప్పుకుంటాడు? తోట ఆసామి పెద్దమనసుతో మందు వాయిదా వేశాడు. మా లారీలు రాసుకుని విరిగిన పూత కొమ్మలు చూశాక, మరుసటి ఏడు ఆయన్ను అడగడానికి మాకే ముఖం చెల్లలేదు.

రెండో ఏడు ఎడ్లనూ కార్లనూ వరి మడికే తోలాం. కోత అయిన మడి బయటివాళ్ల కళ్లకు ఖాళీగా కనిపిస్తుంది గానీ, డెల్టాలో అది ఖాళీ కాదు. వరి కోయకముందే అందులో మినుము చల్లేస్తారు; కోత అయ్యేసరికి మొలకలు లేచి ఉంటాయి. కాదంటే దున్నకుండానే జొన్నో మొక్కజొన్నో పెడతారు. అందుకే మడి కావాలంటే నవంబరులోనే రైతుతో మాట్లాడి, ఆ పంట మీద వచ్చేదెంతో లెక్కగట్టి చేతికివ్వాలి. జనవరిలో అడిగితే మర్యాదగా నవ్వి పంపేస్తాడు.

చోటుకు కొదవ లేదు. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. తిరిగే దారితో కలిపి కారుకు 30 చదరపు మీటర్లు వేసుకుంటే కాగితం మీద 135 కార్లు పడతాయి. గట్లు, మూలలు, అడ్డదిడ్డంగా నిలిపేవాళ్లు పోగా 100 దాటితే గొప్పే. సర్వీ కర్రలు పాతి కొబ్బరి తాడు కట్టకపోతే అదీ లేదు.

అసలు చిక్కు నేలతో. నల్లరేగడి పైన పగుళ్లిచ్చి ఎండినట్టే ఉంటుంది, కింద పచ్చి. కనుమ నాడు పొద్దున ఒక కారు వెనక చక్రం ఇరుసు దాకా దిగబడింది. డ్రైవరు యాక్సిలరేటరు తొక్కిన కొద్దీ గొయ్యి లోతైంది, వెనక నిలబడినవాళ్ల తెల్ల పంచెలు నల్లబడ్డాయి. ట్రాక్టరుకు గొలుసు కట్టి లాగాం. ఆ రోజు అలాంటివి చాలానే లాగాం. బరిలో కంటే అక్కడే జనం ఎక్కువ పోగయ్యారంటే అతిశయోక్తి కాదు. బాగా ఎండిన చోటైతే ఇంకో భయం: వేడి సైలెన్సరు కొయ్యకాళ్లకు, గడ్డికి తగిలితే అంటుకుంటుంది. గడ్డి ఊడ్పించి, నీళ్ల డ్రమ్ములు పెట్టి తీరాలి.

మూడో ఏడు బడి మైదానం. పండుగ సెలవులు కనుక ఖాళీ. ప్రహరీ, కుళాయిలు, మరుగుదొడ్లు, దీపాలు అన్నీ ఉన్నాయి. డీసీఎం వ్యాన్లలోంచి ఎడ్లను దించడానికి వెనక తలుపు ఎత్తున మట్టి దిబ్బ ఒకటి పోశాం, అంతే. 60 జతలు, ఎద్దుకు రోజుకు 40 లీటర్ల లెక్కన 4,800 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరు ఒకటి సరిపోయింది. ఉలవలు ఉడికించే పొయ్యిలు ఒక మూల, గడ్డి వామి ఇంకో మూల పెట్టించాం. దీని మీద మాత్రం నేను ఎవరితోనూ మొహమాటపడలేదు. మరి లోపం? గేటు ఒక్కటే. కార్లను కూడా లోపలికి రానిచ్చిన మొదటి రోజు, ఫలితాలు చెప్పగానే అందరూ ఒకేసారి బయల్దేరారు. రెండు గంటలు హారన్లే. ఆ మోతకు బెదిరి ఒక గిత్త పలుపు తెంచుకుంది.

అందుకే నా మాట: ఎడ్లకు బడి, కార్లకు మడి. రెండూ ఒకే చోట వద్దు. మడి కూడా రోడ్డు పక్కనిదై, బోదె మీద తూములు వేసి మట్టి కప్పిన రెండు దారులు ఉండాలి, ఒకటి రావడానికి, ఒకటి పోవడానికి. ఒకే దారి ఉన్న మూడెకరాల కంటే రెండు దారులున్న ఎకరంన్నర నయం. కోతకు ముందే నీరు తీసేసిన మెరక మడి చూసుకోవాలి. పండుగ ముందు వాన పడితే ఆశ వదులుకుని రోడ్డుకు ఒక పక్కన వరుసగా నిలపడమే. మామిడి తోటను పూతకాలంలో మరచిపోండి.

బడివాళ్లు ఒకే షరతు పెట్టారు: గుంజలు పీకిన గుంతలన్నీ సెలవులు అయ్యేలోగా పూడ్చాలి, పిల్లల కాళ్లు మడతపడకూడదు. పూడ్చాం. ఎత్తించిన పేడ రెండు ట్రాక్టర్లు దాటింది. రెండో ఏడు మా కోసం మినుము మానుకున్న రైతు మడికే తోలించాం. వద్దనలేదు.