ఆరో తరగతికి ఊళ్ళో హైస్కూలా, టౌన్ బస్సా, హాస్టలా?

మా చిన్నమ్మాయికి ఐదో తరగతి అయిపోయింది. ఇంటికి ఎవరొచ్చినా అడిగేది ఒకటే, "పిల్లని ఎక్కడ వేస్తున్నారండీ?" అని. మాది పి.గన్నవరం మండలంలో గోదారి పాయ పక్కన ఊరు. సైకిల్ మీద పది నిమిషాల్లో వెళ్ళే జిల్లా పరిషత్ హైస్కూలు ఉంది. బస్సెక్కితే అమలాపురంలో ప్రైవేటు స్కూళ్ళున్నాయి. లేదంటే నవోదయ, గురుకులాల్లాంటి హాస్టల్ చదువు. పెద్దవాడి విషయంలో తొందరపడి బాధపడ్డాం కాబట్టి ఈసారి మూడూ పక్కపక్కన పెట్టుకుని చూశాం.

హాస్టల్ సంగతి ముందు చెప్పాలి, దాని గడువులు మనం మేలుకునేలోపే దాటిపోతాయి. నవోదయ పరీక్ష ఐదో తరగతి చదువుతుండగానే రాయాలి, అదీ ఒక్కసారే. రెండు గంటల్లో 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో సగం మార్కులు మెంటల్ ఎబిలిటీవే. తెలుగులోనే రాయొచ్చు. ఆ స్కూలు ఉమ్మడి తూర్పు గోదావరి వాళ్ళకి పెద్దాపురంలో, పశ్చిమ గోదావరి వాళ్ళకి పెదవేగిలో ఉంది. సీట్లలో కనీసం 75 శాతం పల్లెటూరి పిల్లలవే. అయితే మూడు, నాలుగు, ఐదు తరగతులు పల్లెటూరి బడిలోనే చదివుండాలి. ఇంగ్లీషు కోసమని చిన్నప్పుడే టౌన్లో వేసినవాళ్ళకి ఈ వాటా పోతుంది. ఇక సాంఘిక సంక్షేమ గురుకులాలు, బీసీ గురుకులాలు ఐదో తరగతిలోనే చేర్చుకుంటాయి. అంటే నాలుగులో ఉండగానే పరీక్ష రాయించాలి. ఇప్పుడు నాలుగో తరగతి పిల్లలున్నవాళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

మా అమ్మాయి నవోదయ రాసింది, రాలేదు. వచ్చుంటే పంపేవాళ్ళమే. టీచర్లు క్యాంపస్‌లోనే ఉంటారు, తిండీ చదువూ ఉచితం. మా కోనసీమలో తల్లి కువైట్‌లో ఉండి పిల్ల అమ్మమ్మ దగ్గర పెరిగే ఇళ్ళు చాలా ఉన్నాయి. అలాంటి ఇంట్లో పదేళ్ళ పిల్లకి వేళకి తిండి పెట్టి దగ్గర కూర్చోబెట్టి చదివించే మనిషి ఉండరు. అక్కడ మంచి హాస్టల్‌ని మించింది లేదనే నా అభిప్రాయం. పిల్లకి ఇష్టం లేకుండా మాత్రం పంపకూడదు.

ఇక ప్రైవేటు. పెద్దవాణ్ణి ఆరో తరగతిలో టౌన్లోనే వేశాం. మంచి కూడా చెప్పాలి. ప్రతి సబ్జెక్టుకీ టీచరు ఉన్నారు, వారం వారం పరీక్ష పెట్టేవారు, పిల్లాడు రాకపోతే పది గంటలకల్లా ఫోన్‌కి మెసేజ్ వచ్చేది. నలుగురిలో నిలబడి ఇంగ్లీషులో నాలుగు మాటలు మాట్లాడే ధైర్యం వాడికి అక్కడే వచ్చింది. కానీ పొద్దున్న పావుతక్కువ ఏడుకి బస్సు. ఊరూరా ఆగుతూ వెళ్ళేది. సాయంత్రం స్టడీ అవర్ అయ్యి ఇల్లు చేరేసరికి ఆరున్నర దాటేది. ఒక రాత్రి అన్నం కలిపిన చెయ్యి కంచంలో ఉండగానే గోడకి జారబడి నిద్రపోయాడు. చెయ్యి కడిగి పడుకోబెడుతుంటే కళ్ళు తెరవకుండానే "అమ్మా, హోంవర్కు" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది.

డబ్బు సంగతి చెప్పాలంటే, చేర్చినప్పుడు ఒక ఫీజు చెప్పారు. దసరా తర్వాత మెటీరియల్ అని ఇంకొకటి అడిగారు. బస్సుది వేరే. గోదారి వచ్చిందంటే ఇంకో కష్టం. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది. ఆ నీళ్ళు లంకల్లోకి వచ్చాక మా వైపుకి బస్సు రాదు, టౌన్లో పాఠాలు మాత్రం ఆగవు. వరద తీశాక స్కూలుకి వెళ్ళేసరికి వీడికి లెక్కల్లో ఒక చాప్టర్ మొత్తం పోయింది, మళ్ళీ చెప్పినవాళ్ళు లేరు. ఊరి బడికైతే సెలవిచ్చినా అందరికీ ఒకేసారి ఇస్తారు, పాఠం ఆగిన చోటి నుంచే మొదలుపెడతారు.

ఈసారి ఊళ్ళో హైస్కూలుకి నేనే వెళ్ళి చూశాను. బిల్డింగు కాదు, నోట్సులు చూశాను. పక్కింటి ఏడో తరగతి పిల్ల లెక్కల పుస్తకం తిరగేస్తే ప్రతి పేజీ కింద ఎర్ర ఇంకుతో తేదీ, సంతకం ఉన్నాయి. ఒకచోట తప్పు లెక్క కొట్టేసి, పక్కనే మాస్టారు ఇంకో తోవలో చేసి చూపించారు. ఆ ఒక్క పేజీతో సగం టెన్షన్ తగ్గింది. "మాస్టారూ, అన్ని సబ్జెక్టులకీ టీచర్లున్నారా?" అని అడిగితే హెడ్‌మాస్టారు దాచలేదు. "హిందీ ఖాళీ ఉందమ్మా. లెక్కలు, సైన్సు, ఇంగ్లీషుకి మనుషులున్నారు" అన్నారు. ఆడపిల్లల బాత్‌రూముల్లో నీళ్ళొస్తున్నాయో లేదో కూడా కుళాయి తిప్పి చూశాను. వస్తున్నాయి. అవి సరిగా లేక బడిలో మంచినీళ్ళు తాగడం మానేసే పిల్లలున్నారు, అందుకే తప్పకుండా చూడమంటాను.

పాఠ్యపుస్తకాల్లో ఒకే పాఠం ఇంగ్లీషులోనూ తెలుగులోనూ పక్కపక్క పేజీల్లో ఉంటుంది. అర్థం కాని ముక్క పిల్ల తనే పక్క పేజీలో చూసుకుంటుంది. మధ్యాహ్నం వేడన్నం, గుడ్డు. ఆ పథకానికి పెట్టింది మా మండలంలోని లంకల గన్నవరంలో వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరే.

చాలామందికి తెలియనివి ఇంకో రెండున్నాయి. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్.ఎం.ఎం.ఎస్. అనే స్కాలర్‌షిప్ పరీక్ష ప్రభుత్వ, ఎయిడెడ్ స్కూళ్ళ పిల్లలకే. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 వస్తాయి. నవోదయ, గురుకులాల పిల్లలకి ఈ అవకాశం లేదు. అలాగే నూజివీడు లాంటి ట్రిపుల్ ఐటీల్లో సీట్లు పదో తరగతి మార్కుల మీద ఇస్తారు. హాస్టల్ లేని ప్రభుత్వ బడుల పిల్లలకి వాటి మీద 4 శాతం అదనంగా కలుపుతారు. బడికెళ్ళే పిల్లల తల్లులకి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు ప్రైవేటులో వేసినా వస్తుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

అన్నీ చూసుకుని అమ్మాయిని ఊళ్ళో హైస్కూల్లోనే వేస్తున్నాం. అన్ని ఊళ్ళకీ ఇదే మాట చెప్పను. లెక్కల మాస్టారి పోస్టు ఖాళీగా ఉండి, నోట్సులు దిద్దేవాళ్ళు లేకపోతే నేనూ బస్సెక్కించేదాన్నే. మీ ఇల్లు టౌనుకి దగ్గరై, పిల్ల అయిదింటికల్లా ఇంట్లో ఉండగలిగితే ప్రైవేటు మీద నాకున్న అభ్యంతరాల్లో సగం పోతాయి. మీరు ఏ స్కూలు చూసినా, బస్సు మీ గుమ్మం ముందు ఎన్నింటికి ఆగుతుందో, తిరిగి ఎన్నింటికి దింపుతుందో డ్రైవర్‌నే అడగండి. ఆఫీసులో చెప్పే టైమూ అతను చెప్పే టైమూ ఒకటి కావు.

మా అత్తయ్యగారు మాత్రం ఇంకా ఇంగ్లీషు గురించి బెంగపడుతున్నారు. అది న్యాయమైన బెంగే. అందుకే బస్సు ఫీజుకని తీసిపెట్టిన డబ్బులో కొంత పెట్టి అమ్మాయికి నచ్చిన ఇంగ్లీషు కథల పుస్తకాలు కొంటున్నాం. రాత్రి భోజనాలయ్యాక రోజుకో పేజీ పెద్దవాడు చెల్లికి పైకి చదివి వినిపిస్తున్నాడు, తర్వాతి పేజీ అది చదువుతోంది.