పది రేటింగ్ బడా, ఆరు రేటింగ్ బడా?

డాలస్ ఉత్తర శివార్లలో, ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ వైపు ఇల్లు వెతుకుతున్న తెలుగువాళ్లు నలుగురు కలిస్తే మాట ఎక్కడ మొదలైనా ఎలిమెంటరీ స్కూలు రేటింగు దగ్గరకు చేరుతుంది. జిల్లో లాంటి సైట్లలో ఇంటి ఫొటోల కిందే, బడులకు రేటింగులిచ్చే గ్రేట్‌స్కూల్స్ సంస్థ వేసిన అంకె కనిపిస్తుంది, ఒకటి నుంచి పది వరకు. ప్రభుత్వ బడిలో సీటు సాధారణంగా ఇంటి చిరునామాను బట్టే కనుక, పది ఉన్న బడి పరిధిలో ఇంటికి గిరాకీ ఎక్కువ. ఆరు ఉన్న చోట అంతే విస్తీర్ణం ఇల్లు చవకగా దొరుకుతుంది. ఆ తేడా డబ్బు పెట్టడం అవసరమా?

చాలామందికి అవసరం లేదనే నా అభిప్రాయం. అయితే ఆరు అంకె ఉన్న ప్రతి బడినీ నేను వెనకేసుకు రాను.

ముందు ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. దానికి ప్రధాన ఆధారం రాష్ట్ర పరీక్షల ఫలితాలే. టెక్సాస్‌లో మూడో తరగతి నుంచి పిల్లలు ‘స్టార్’ అనే ఆ రాష్ట్ర పరీక్షలు రాస్తారు. ఎలిమెంటరీలో రీడింగ్, లెక్కలు, అయిదో తరగతిలో సైన్సు కూడా. ఫలితాలకు నాలుగు మెట్లు ఉంటాయి; అందులో ‘మీట్స్’ అంటే తరగతి స్థాయిని అందుకున్నట్టు. ఒక లెక్క వేసుకుందాం, అంకెలు ఊహించినవే. రెండు బడుల్లోనూ కలిగిన ఇళ్ల పిల్లల్లో నూటికి 80 మంది, పేద ఇళ్ల పిల్లల్లో నూటికి 40 మంది మీట్స్ అందుకున్నారనుకోండి. అంటే చదువు చెప్పడంలో రెండూ సరిసమానం. మొదటి బడిలో పేద పిల్లలు 10 శాతం, రెండో బడిలో 60 శాతం. మొదటి దాని సగటు 76, రెండో దానిది 56. ఇరవై పాయింట్ల తేడా వచ్చింది, టీచర్లలో మాత్రం వీసమెత్తు తేడా లేదు.

ఇది కొత్త సంగతేమీ కాదు. పిల్లల మార్కులకు బడి వసతులకంటే ఇంటి నేపథ్యంతోనే గట్టి ముడి ఉందని సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ కోల్‌మన్ బృందం 1966లోనే అమెరికా ప్రభుత్వానికి నివేదిక ఇచ్చింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో షాన్ రియర్డన్ బృందం దేశమంతటా మూడు నుంచి ఎనిమిదో తరగతి వరకు మార్కులు పోల్చి చూసింది. సగటు మార్కులు కుటుంబాల ఆర్థిక స్థితిని దాదాపు అనుసరించి నడుస్తాయి. ఏడాదికేడాది పిల్లలు ఎంత ఎదిగారన్న లెక్కకు మాత్రం ఆ స్థితితో సంబంధం చాలా తక్కువ. పేద ప్రాంతాల్లో బాగా ఎదిగిస్తున్న బడులున్నాయి, సంపన్న ప్రాంతాల్లో ఉన్నచోటే నిలబెట్టే బడులూ ఉన్నాయి.

పది రేటింగ్ బడి విషయంలో మనవాళ్లు మరచిపోయేది ఇంకొకటి ఉంది. ఫ్రిస్కో స్కూలు జిల్లా (అక్కడి ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) బడుల్లో ఇప్పుడు ఆసియా సంతతి పిల్లలే అతి పెద్ద వర్గం. అందులో ఎందరో సాయంత్రం కుమాన్ ట్యూషన్ సెంటరుకో లెక్కల క్లాసుకో వెళతారు. అక్కడ కూర్చున్న గంటలన్నీ బడి ఖాతాలోనే జమ అవుతాయి. ఆ ట్యూషను మీ పిల్లలకు ఎలాగూ చెప్పిస్తారు, ఏ బడిలో ఉన్నా.

పది గెలిచే చోట్లూ లేకపోలేదు. తల్లిదండ్రులు, టీచర్లు కలిసి నడిపే సంఘానికి (పీటీఏ) డబ్బుకు కొదవ ఉండదు. ఏడాది మధ్యలో వచ్చిపోయే పిల్లలు తక్కువ, అనుభవం ఉన్న టీచర్లు నిలబడతారు, పాఠం వేగం తగ్గదు. మీ పిల్ల ఇప్పటికే రెండు తరగతులు ముందు చదువుతుంటే, తనలాంటివాళ్లు మరో పదిమంది పక్కన ఉండటం చిన్న విషయం కాదు.

ఆరు రేటింగ్ బడికి ఉన్న బలాలు వేరు. పేద పిల్లలు 40 శాతం దాటితే పేద పిల్లలున్న బడులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే టైటిల్ వన్ నిధులను బడి మొత్తానికీ ఖర్చు పెట్టే వీలుంటుంది. రీడింగ్ స్పెషలిస్టు, నలుగురైదుగురిని విడిగా కూర్చోబెట్టి చెప్పే గుంపులు ఆ డబ్బుతోనే వస్తాయి. ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లలకు చెప్పే అలవాటు కూడా అక్కడి టీచర్లకు ఎక్కువ. ఇది మనకు సంబంధించిన మాటే: ఇంట్లో తెలుగే మాట్లాడతామని చేరిక ఫారంలో రాస్తే కిండర్‌గార్టెన్ పిల్లకు ఇంగ్లిష్ పరీక్ష పెడతారు, అవసరమైతే అదనపు సాయం చేస్తారు. కొందరు దానికి భయపడి ‘ఇంగ్లిష్’ అని రాసేస్తారు. అలా చేస్తే ఆ సాయం పోగొట్టుకున్నట్టే. ఒక్కో తరగతి గదిలో పిల్లల సంఖ్య విషయంలో మాత్రం రెండూ ఒకటే; నాలుగో తరగతి దాకా 22 మందికి మించకూడదన్నది రాష్ట్ర నియమం, మినహాయింపు అడిగే జిల్లాలు అడుగుతూనే ఉంటాయి.

మరి తేల్చుకోవడం ఎలా? రాష్ట్ర విద్యాశాఖ అయిన టెక్సాస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ ప్రతి బడికీ ఏ నుంచి ఎఫ్ వరకు గ్రేడు ఇస్తుంది. ఆ అక్షరం చూసి ఆగిపోకండి. అందులో 70 శాతం బరువు మార్కులకో పురోగతికో, రెండింటిలో ఏది మెరుగైతే దానికి. మిగిలిన 30 శాతం వర్గాల మధ్య అంతరాలు తగ్గించినందుకు. పురోగతి పేజీ తెరిస్తే రెండు భాగాలుంటాయి. ఒకటి పిల్లలు నిరుటికంటే ఎంత ఎదిగారన్నది. రెండోది ఇంతే శాతం పేద పిల్లలున్న ఇతర బడులతో పోలిక. పై లెక్కలోని మాయను రాష్ట్రమే గుర్తించి పెట్టిన పట్టిక అది. ఇల్లు కొనేవాళ్లలో దాన్ని తెరిచేవాళ్లు అరుదు.

తర్వాత వర్గాలవారీ పట్టికలో మీ పిల్లకు దగ్గరగా ఉండే వరుస చదవండి. ఆరు రేటింగ్ బడిలో ఆసియా పిల్లలు మరీ తక్కువమంది ఉంటే అక్కడ అంకె బదులు నక్షత్రం గుర్తు (*) ఉంటుంది. అప్పుడు పేదరికం లేని పిల్లల వరుస చూడండి. ఆ వరుసలో అది పది రేటింగ్ బడికి దీటుగా ఉండి, పురోగతి కూడా బాగుంటే, నేనైతే ఆరునే ఎంచుకుంటాను. రీడింగ్‌లో పురోగతి వరుసగా రెండు మూడేళ్లు నీరసంగా ఉంటే, టీచర్లలో ఎక్కువమంది కొత్తవాళ్లే అయితే, ఇల్లు ఎంత చవకైనా వద్దు. ఒక్క ఏడాది అంకె చూసి నిర్ణయించకండి. 2020లో స్టార్ పరీక్షలే జరగలేదు, 2023లో పరీక్ష తీరే మారింది, కనుక ఆ ముందువెనుకల పోలికలు కాస్త జాగ్రత్తగా చేయాలి.

ఇక పది కోసమే పందెం కాసేవారికి ఒక హెచ్చరిక. కొత్త కాలనీలు వెలిసే కొద్దీ స్కూలు జిల్లాలు హద్దులు మళ్లీ గీస్తుంటాయి. ఇప్పుడు పది బడి పరిధిలో ఉన్న ఇల్లు, పిల్ల మూడో తరగతికి వచ్చేసరికి పక్క బడి పరిధిలోకి వెళ్లిపోవచ్చు. కాగితాల మీద సంతకం పెట్టే ముందు జిల్లా వెబ్‌సైటులో చిరునామా కొట్టి చూడండి, హద్దుల మార్పు బోర్డు సమావేశాల ఎజెండాలో ఉందేమో కూడా.