పోర్షే మ్యూజియం, స్టుట్‌గార్ట్: ఒక ఆటోనగర్ మెకానిక్ చూసినట్టుగా

స్టుట్‌గార్ట్ వెళ్ళిన మనవాళ్ళు చాలామంది అక్కడి స్పోర్ట్స్ కార్ల సంస్థ పోర్షే పెట్టిన మ్యూజియంలో ఎర్ర కారు పక్కన ఒక ఫోటో, పసుపు కారు పక్కన ఒక ఫోటో దిగి గంటలో బయటపడతారు. ఆ మాత్రానికి జర్మనీ దాకా పోనక్కరలేదు. సాయంత్రం పూట జూబ్లీహిల్స్‌లో ఏదో ఒక కాఫీ షాపు ముందు నిలబడినా సరిపోతుంది. నా సలహా ఏమిటంటే, దీనికి సగం రోజు కేటాయించండి. విజయవాడ ఆటోనగర్‌లో ఇంజన్లు విప్పి బిగిస్తూ బతికినవాణ్ణి, ఇప్పుడు కూతురు దగ్గరికి వచ్చి జర్మనీలో ఉన్నాను. నాకు సగం రోజు కూడా చాలలేదు.

ఊరి మధ్యనున్న పెద్ద స్టేషన్‌లో ఎస్6 రైలు ఎక్కి నోయ్‌విర్ట్స్‌హౌస్‌లో దిగితే ఎదురుగానే ఉంటుంది. 2009లో తెరిచారు. అంత పెద్ద భవనం మూడే మూడు కాంక్రీటు దిమ్మల మీద గాలిలో నిలబడ్డట్టు ఉంటుంది. అడుగుభాగమంతా అద్దంలా మెరిసే ఉక్కు. కింద నడుస్తూ తల ఎత్తితే మన బట్టతల మనకే కనిపిస్తుంది. భవనం గురించి ఇంతకన్నా చెప్పను, నేను వెళ్ళింది ఇనుము చూడడానికి.

లోపల ముందుగా నన్ను నిలబెట్టేసింది టైప్ 64 బాడీ. 1939లో బెర్లిన్ నుంచి రోమ్ దాకా జరగాల్సిన పందెం కోసం తయారు చేసిన కారు. యుద్ధం రావడంతో ఆ పందెం జరగనే లేదు. ఇక్కడున్నది రంగు వేయని అల్యూమినియం రేకు. డెంటింగ్ పని తెలిసినవాళ్ళకు దీని విలువ వేరే చెప్పక్కరలేదు. మన షెడ్లలో సుత్తి దెబ్బ ఎక్కడ తప్పినా లప్పం కాపాడుతుంది, లప్పం కాపాడనిది పెయింటు కాపాడుతుంది. ఇక్కడ ఆ రెండూ లేవు. చక్రాల మీదుగా తోక దాకా జారిన ఆ వంపును నేను పక్కనుంచి, ముందు నుంచి, మోకాళ్ళ మీద కూర్చుని కింద నుంచి కూడా చూశాను. లైటు పడిన గీత ఒక్కచోట కూడా వణకలేదు. సెక్యూరిటీ ఆయన నా వైపు రెండుసార్లు తొంగిచూశాడు.

ఆ తరువాతి కథ 1948లో ఆస్ట్రియాలోని గ్మ్యూండ్ అనే చిన్న ఊళ్ళో మొదలవుతుంది. పోర్షే పేరుతో వచ్చిన మొదటి కారు, 356 నంబర్ 1, అక్కడే తయారైంది. ఫోక్స్‌వాగన్ విడిభాగాలు, సుమారు 1100 సీసీ ఇంజను, 35 హార్స్ పవర్. మన ఇళ్ళ ముందు నిలబడి ఉండే చిన్న కార్లకు కూడా ఇప్పుడు అంతకన్నా ఎక్కువ బలం ఉంది. అయితే దాని బరువు ఆరు వందల కిలోల లోపే. బలం పెంచడం డబ్బున్నవాడు ఎవడైనా చేస్తాడు, బరువు తగ్గించడానికి బుర్ర కావాలి.

ఇక పోర్షే పేరు చెప్పగానే గుర్తొచ్చే కారు, 911. మ్యూజియంలో ఎక్కువ చోటు దీనిదే, ఉండాల్సింది కూడా అంతే. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో దీన్ని 901 అని చూపించారు. మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు తమవని ఫ్రాన్స్ కార్ల సంస్థ ప్యూజో అడ్డుపడడంతో 911 అయింది. ఆరు సిలిండర్లు, మూడు ఇటు మూడు అటు పడుకుని ఉంటాయి. మొత్తం ఇంజను వెనక చక్రాల ఇరుసుకు కూడా అవతల వేలాడుతుంది. ఏ మెకానిక్కును అడిగినా అది తప్పుచోటు అనే చెబుతాడు. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశారో, బరువు ముందుకు ఊగి, వెనక టైర్లు పట్టు వదిలి, తోక ముందుకు వచ్చేస్తుంది. ఆ రోజుల్లో ఎంతమంది డబ్బున్నవాళ్ళు ఈ కార్లను కంచెల్లోకి వెనక్కి తిప్పి దూర్చారో!

పోర్షేవాళ్ళు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఇంజను జరపమన్నారు, జరపలేదు. వెనక బరువుకు సరితూగాలని తొలి రోజుల్లో ముందు బంపరు వెనక పోత ఇనుము దిమ్మలు దాచారు. 1969 మోడల్‌కు వెనక చక్రాలను 57 మిల్లీమీటర్లు వెనక్కి తోశారు, ఒక బ్యాటరీని రెండు చేసి ముందు మూలల్లో పెట్టారు. 1972లో వచ్చిన 911 రకం కరెరా ఆర్‌ఎస్‌కు బాతు తోకలాంటి రెక్క తగిలించారు. పందెం నిబంధనల కోసం ఐదు వందలు అమ్ముడైతే చాలనుకున్న ఆ కారు వెయ్యిన్నర దాటింది. ఇవన్నీ వరుసగా నడుచుకుంటూ చూస్తుంటే ఒక్కో కారూ ముందు కారుకు చేసిన రిపేరులా కనిపిస్తుంది. ఈ కార్ల మోజు ఎక్కడుందని నన్ను అడిగితే ఇక్కడే ఉందంటాను. తప్పుచోట పెట్టిన ఇంజనును అరవై ఏళ్ళుగా సరిచేస్తూనే ఉన్నారు, దాన్ని ఆ చోటు నుంచి మాత్రం తీయలేదు.

ఒకసారి తీసేయబోయారు కూడా. 1980 ప్రాంతంలో 911ను ఆపేసి, ఇంజను ముందుండే 928తో సరిపెడదామనుకున్నారు. కొత్తగా అధిపతిగా వచ్చిన పీటర్ షుట్జ్, ఇంజనీరింగ్ పెద్ద హెల్ముట్ బాట్ గదిలో గోడ మీదున్న చార్టు చూశాడట. మిగతా మోడళ్ళ గీతలు ముందుకు సాగుతున్నాయి, 911 గీత 1981 దగ్గర ఆగిపోయింది. మార్కరు తీసుకుని ఆ గీతను చార్టు దాటించి, గోడ మీదుగా తలుపు దాకా లాగాడని చెబుతారు. 2017లో పదిలక్షల 911 తయారైంది, ఆకుపచ్చ రంగుది.

1998లో 911కు గాలితో చల్లబడే ఇంజన్లు పోయి నీళ్ళవి వచ్చాయని ఇప్పటికీ కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళున్నారు. నేను నీళ్ళ పక్షమే. మే నెలలో బెజవాడ బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్లో బండి ఆపి చూస్తే వాళ్ళూ ఇటు వస్తారు.

రేసు కార్ల వైపు 917ను వదలకండి. 1970, 71ల్లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల పందెం గెలిచింది ఈ రకమే. 71లో అది పరుగెత్తిన దూరం, 5,335 కిలోమీటర్లు, 2010 దాకా రికార్డుగా ఉండిపోయింది. నా కళ్ళు తిరిగింది దాని ఫ్రేము సంగతి తెలిసినప్పుడు. సన్నని అల్యూమినియం గొట్టాలను వెల్డింగ్ చేసి, వాటిలో గ్యాస్ నింపి, ఒక ప్రెషర్ గేజి పెట్టారు. ముల్లు పడిందంటే ఎక్కడో వెల్డింగు చిట్లిందని అర్థం. బండి విప్పకుండానే జబ్బు తెలిసిపోతుంది. గేరు రాడ్డు పైన గుండు కూడా బరువు తగ్గడానికి తేలికపాటి చెక్కతో చేశారు. వీటిలో గులాబీ రంగుది ఒకటుంది, పంది మాంసం కోసే గీతలన్నీ ఒంటి మీద గీసి, ఏ ముక్క పేరేమిటో జర్మన్‌లో రాశారు. పిల్లలకు అది నచ్చుతుంది. 956 అనే ఇంకో రేసు కారును పైకప్పుకు తలకిందులుగా బిగించారు. గంటకు 320 కిలోమీటర్లు దాటితే గాలి ఒత్తిడికి అది నిజంగానే కప్పుకు అతుక్కుని పరుగెత్తగలదని లెక్క.

మా అల్లుడు మాత్రం కొత్త 911 దగ్గరే ఉండిపోయాడు. "మామయ్యగారూ, మన దేశంలో ఇది రెండు కోట్లు" అన్నాడు. ఆ రెండు కోట్లు ఎక్కడ పెట్టారో చూద్దామనుకుంటే, ఇప్పటి 911కు వెనక మూత తీసినా రెండు ఫ్యాన్లు తప్ప ఇంజను కనిపించదు. కొనుక్కున్నవాడు కూడా తన ఇంజను మొహం చూడలేడు. పనితనం మీద పెట్టిన డబ్బును కళ్ళకు కనబడకుండా దాచడం ఏం వ్యాపారమో! పాత 911 మూత తీస్తే పెద్ద ఫ్యానూ, బెల్టూ, డిస్ట్రిబ్యూటరూ పలకరిస్తాయి. ధర వినగానే పోయే మోజు ఆ మూత తీయగానే తిరిగి వస్తుంది.

అందుకే నాకు అన్నిటికన్నా కింది అంతస్తులోని వర్క్‌షాపు నచ్చింది. అద్దాల అవతల పాత కార్లను విప్పి బాగుచేస్తుంటారు. మ్యూజియం కార్లలో చాలావాటిని నడిచే స్థితిలో ఉంచి ర్యాలీలకు పంపుతారు. ఇప్పటిదాకా తయారైన పోర్షేల్లో 70 శాతానికి పైగా ఇంకా తిరుగుతున్నాయని సంస్థ చెప్పుకొంటుంది, ఈ గది చూశాక ఆ మాట నమ్మబుద్ధేసింది. నేల మీద ఒక్క నూనె చుక్క లేకపోవడం మాత్రం నాకు కొంచెం అనుమానంగానే ఉంది.

వెళ్ళేవాళ్ళకు: సోమవారం సెలవు. వర్క్‌షాపులో పని జరుగుతుండగా చూడాలంటే శనాదివారాలు కాకుండా మామూలు రోజుల్లో వెళ్ళండి. రోడ్డుకు అవతలున్న ఫ్యాక్టరీని చూపించే టూరు వేరు, దానికి ముందుగానే బుక్ చేసుకోవాలి. బొమ్మకారు కొనిపెట్టమని పిల్లలు పేచీ పెట్టేది చివర్లో ఉన్న దుకాణం దగ్గర, కాబట్టి వాళ్ళను ముందు గులాబీ పంది దగ్గర అలసిపోనివ్వండి.