కైరోప్రాక్టిక్ కోర్సు: చేతికి మంచి శిక్షణ, ఆధారాలపై చాలని శ్రద్ధ

నేను పూర్తి చేసిన కైరోప్రాక్టిక్ (వెన్నెముకను, కీళ్లను చేతులతో నెట్టి సరిచేసే చికిత్సా పద్ధతి) కోర్సులో అన్నిటికంటే విలువైనది వెన్నెముక సర్దుబాటుపై ఇచ్చిన శిక్షణ. ఒత్తిడిని కొలిచే పరికరం అమర్చిన బల్లపై, ఎంత బలంతో, ఎంత వేగంతో, ఏ దిశలో నెట్టామో తెరమీద చూసుకుంటూ, రోగిని తాకకముందే చేతిని అదుపులోకి తెచ్చుకునేలా అధ్యాపకులు ఓపికగా సాధన చేయించారు. శరీర నిర్మాణశాస్త్రం, ఎక్స్‌రే పరిశీలన కూడా గట్టిగానే బోధించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005 మార్గదర్శకాలు సూచించిన 4,200 గంటల బోధన, అందులో 1,000 గంటల పర్యవేక్షిత క్లినికల్ శిక్షణ ఇక్కడ సక్రమంగా అందాయి.

అయితే వెన్నుపూసలు స్థానం తప్పడమే చాలా రోగాలకు మూలమన్న, ఈ పద్ధతిని స్థాపించిన డి.డి. పామర్ కాలపు వాదాన్ని, నడుమునొప్పి విషయంలో పరిశోధనలు చూపిన పరిమిత ప్రయోజనంతో సమానంగా నిలబెట్టి చెప్పడం నాకు తీవ్ర అసంతృప్తి కలిగించింది. మెడ సర్దుబాటు తర్వాత రక్తనాళం చీలి పక్షవాతం వచ్చిన సందర్భాలు, అరుదుగానైనా, నమోదయ్యాయి కనుక ఆ ప్రమాద సంకేతాలను గుర్తించే పాఠాలకు ఇంకా ఎక్కువ సమయం కేటాయించాలి. చేరదలచినవారు రుసుము వివరాలకంటే ముందు, ఆ కళాశాల పరిశోధనా ఆధారాలకు ఎంత ప్రాధాన్యమిస్తుందో పాఠ్యప్రణాళికలో స్వయంగా పరిశీలించుకోవాలి.