పాత హర్లింగ్‌లో ఏది మేలు: దక్షిణాది వేసవి ఆటా, ఉత్తరాది చలికాలం ఆటా?

హర్లింగ్ అంటే కర్రలతో బంతిని కొట్టి గోల్ చేసే ఐర్లాండ్ ఆట. ఇప్పుడు మనం చూసేదైతే జట్టుకు 15 మంది, తలకు హెల్మెట్లు, గీతలు గీసిన మైదానం. 1884లో థర్ల్స్ పట్టణంలో ఈ ఆటను నడిపే సంఘం గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ పుట్టకముందు ఇలా ఒకే పద్ధతి ఉండేది కాదు. దక్షిణాన, తూర్పున వేసవిలో ఒక రకం, ఉత్తరాన చలికాలంలో ఇంకో రకం ఆడేవాళ్ళు. నన్నడిగితే దక్షిణాదిదే మేలంటాను, కానీ ఉత్తరాది ఆటను మోటుదని తీసిపారేస్తే ఒప్పుకోను.

ఉత్తరాది కర్ర సన్నగా ఉండి చివర వంపు తిరుగుతుంది, బంతి గట్టిది, చాలాచోట్ల చెక్కదే, చేత్తో ముట్టుకోకుండా అంతా నేలమీదే కొట్టాలి. దక్షిణాదిలో కర్ర చివర వెడల్పు, బంతి మెత్తన. ఐర్లాండ్ బురదనేలల్లో దొరికిన పాత బంతులు చూడండి, లోపల పశువుల వెంట్రుకలు ఉండలా గట్టిగా చుట్టి, పైన గుర్రపు వెంట్రుకలను జడలా అల్లి తొడుగు వేశారు, ఎంత ఓపికో! అలాంటి బంతిని కర్రతో లేపొచ్చు, చేత్తో అందుకోవచ్చు, కర్ర మీదే నిలబెట్టుకుని పరుగెత్తొచ్చు. నా ఓటు దక్షిణాదికి పడేది ఇక్కడే.

బంతిని పొలాలకు అడ్డంపడి తమ ఊరికి చేర్చుకునే రకం కూడా ఉండేది. అందులో నైపుణ్యం కన్నా తోపులాట ఎక్కువ, దాన్ని పోటీలోకి తీసుకోను.

ఉత్తరాది గెలిచే చోటు ఒకటుంది. 18వ శతాబ్దంలో దక్షిణాది ఆటను నిలబెట్టింది భూస్వాములు. మైదానం ఇచ్చేది, జట్టును దింపేది, వేలంవెర్రిగా పందేలు కాసేది వాళ్ళే. ఆ శతాబ్దం చివరికి వాళ్ళు పక్కకు తప్పుకున్నారు, 1845లో మొదలైన మహాకరువు పల్లెల్ని ఖాళీ చేసింది, ఆట కొన్ని ప్రాంతాల్లోనే కొన ఊపిరితో మిగిలింది. ఉత్తరాది ఆటకు దొరల డబ్బుతో పనిలేదు, వంకర కర్ర ఒకటి దొరికితే చాలు.

1884 నాటి ఆ సంఘం పెట్టడంలో ముందున్న మైఖేల్ క్యూసాక్ దక్షిణాది క్లేర్ ప్రాంతంవాడు, నియమాలు కూడా దక్షిణాది ఆటకు దగ్గరగానే వచ్చాయి. అది సరైన ఎంపికే అనుకుంటాను, కాకపోతే ఉత్తరాది నేలాటకు కూడా విడిగా ఒక పోటీ ఉంచి ఉంటే ఎంత బాగుండేది! ఇప్పుడు ఉత్తరాన ఆంట్రిమ్, డౌన్ లాంటి కొన్నిచోట్లే హర్లింగ్ బలంగా ఉంది. ఆ పాత నేలాట ఎలా ఉండేదో చూడాలనుంటే హర్లింగ్ లాంటిదే అయిన స్కాట్లాండ్ కర్రాట షింటీ మ్యాచ్ ఒకటి చూడండి, అందులో ఇప్పటికీ గోల్‌కీపర్ తప్ప ఎవరూ బంతిని చేత్తో ఆడకూడదు.